అరువు ముక్కు

కిందటి వారం కోడల్ని మూడు గ్లాసుల ముందు కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అలాగే కూర్చుని ఉంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. కోడలు ఒక వారపత్రికలో 'గుటక' అనే శీర్షిక రాస్తుంది. ఊరూరా తిరిగి, బీరు తామే కాచి అక్కడికక్కడే పోసే చిన్న చిన్న బ్రూపబ్బుల్లో కూర్చుని, గ్లాసులో ఏముందో చదివేవాళ్ల నాలుక మీద పడేలా చెప్పడం ఆవిడ పని. మూడు నెలల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆవిడ ముక్కును కూడా వెంట తీసుకుపోయింది. జలుబు లేదు, దిబ్బడ లేదు. వాసన మాత్రం లేదు. ఎడిటరుకు చెబితే శీర్షిక పోతుందని భయపడి, ఎవరికీ చెప్పకుండానే తొమ్మిది ఊళ్ల ప్రయాణానికి బయలుదేరింది. జ్వరం పడి లేచిన మనిషిని ఒంటరిగా పంపనని భర్త పట్టుబట్టి, తన తల్లిని తోడు పంపాడు. రెండో ఊళ్లో ఆ అత్తగారు, పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి చోట అడుగుపెట్టని మనిషి, కోడలి గ్లాసు మీదకు వంగి, "ఇదేమిటమ్మాయ్, వానలో తడిసిన పలక వాసనొస్తోంది" అంది. అంతే. ఆ రోజు నుంచి వాసన అత్తగారిది, రాత కోడలిది.

ఐదో ఊళ్లో బీరు కాచే మాస్టరుకు ఎక్కడో అనుమానం తగిలింది. మర్నాడు ఉదయం రమ్మన్నాడు. పేరూ ఊరూ రాయని మూడు గ్లాసులు కోడలి ముందు పెట్టి, "పెద్దావిడను ఆ చివరి బల్ల దగ్గర కూర్చోమనండి" అన్నాడు. అక్కడ ఆగాం.

ఉదయం పది కూడా కాలేదు. పబ్బు ఇంకా తెరవలేదు. కుర్చీలన్నీ తలకిందులుగా బల్లలెక్కి ఉన్నాయి. నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. గాజు గోడకు అవతల రెండు రాగి బానలు, వాటి వెనక మనిషెత్తున్న ఆరు స్టీలు ట్యాంకులు. మాస్టరు యాభై దాటిన పొడుగు మనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, ముంజేతి మీద ఎప్పటిదో ఆవిరి కాల్చిన మచ్చ. ఎదురుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు.

అత్తగారు చివరి బల్ల దగ్గర, సంచీ ఒళ్లో పెట్టుకుని, పరీక్ష హాలు బయట కాపలా కూర్చున్న తల్లిలా ఉంది. ఆ సంచీలో ఆవిడ సొంత స్టీలు చెంచా ఉంటుంది. గ్లాసుకు పెదవి తగిలించడానికి ఆవిడకు మనసొప్పలేదు. "మందే కదా, మందు లెక్కనే తీసుకుంటాను" అని మొదటి రోజే తేల్చి చెప్పి, ఎక్కడికి వెళ్లినా చెంచాతోనే రుచి చూస్తోంది. ఇద్దరి మధ్యా సైగలు కూడా కుదిరాయి. చెవి గోక్కుంటే పండు వాసన. గాజులు సర్దుకుంటే మాడు వాసన. కళ్లద్దాలు తీస్తే పువ్వు.

"వీటిలో రెండు ఒకటే బీరు. ఒకటి వేరు," అన్నాడు మాస్టరు. "వేరే గ్లాసు ఏదో చెప్పండి. అందులో ఏం వాసన ఉందో కూడా చెప్పండి. తొందరేం లేదు."

కోడలు మొదటి గ్లాసు ఎత్తి వెలుగుకు పట్టింది. మూడూ ఒకే గోధుమ రంగు. నురుగూ ఒకే మందం. ముక్కు దగ్గర పెట్టుకుంది, అలవాటు కొద్దీ. మూసేసిన తలుపు ముందు నిలబడి పిలిచినట్టుంది.

ఇక మిగిలింది నాలుక. దాన్ని జ్వరం ముట్టుకోలేదు. తీపి, పులుపు, చేదు, ఉప్పు ఇంకా తెలుస్తున్నాయి. మొదటి గ్లాసులో గుటక తీసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పింది. చేదు నాలుక వెనక్కి వెళ్లి కూర్చుంది. గ్యాసు బుగ్గల్ని పొడిచింది. రెండోదీ అంతే. మూడోది తాగింది. చేదు అదే, తీపి అదే. గ్లాసు కింద పెట్టబోయి ఆగింది.

ఏదో మిగిలింది. రుచి కాదు. నూనె తగిలిన వేళ్లను ఒకదానితో ఒకటి రుద్దుకున్నప్పుడు జారినట్టు, నాలుక అంగిలి మీద జారుతోంది. మొదటి దానికి వెళ్లింది. జారలేదు. రెండోది, జారలేదు. మళ్లీ మూడోది. జారింది. ఎదురుగా మాస్టరున్నాడనీ, ఇది పరీక్ష అనీ క్షణం సేపు మరిచిపోయింది. వాసన చూడగలిగిన పదేళ్లలో తన నాలుక ఇంత పని చేయగలదని ఒక్కసారీ గమనించనేలేదు.

"మూడోది," అంది.

మాస్టరు కనుబొమలు లేచాయి. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సరే. వాసన?"

కోడలి కళ్లు వద్దన్నా చివరి బల్ల వైపు వెళ్లాయి. అంత దూరం నుంచి అత్తగారికి మాత్రం ఏం తెలుస్తుంది? కానీ ఊరికే ఉండే మనిషి కాదు కదా. కంగారులో చెవి గోక్కుంది, గాజులు సర్దుకుంది, కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుంది. ఆ లెక్కన మూడో గ్లాసులో పండ్లూ పువ్వులూ కలిసి మాడిపోయి ఉండాలి.

ఆ అవస్థ చూశాక కోడలికి ఇక దాచబుద్ధి కాలేదు.

"నాకు వాసన తెలియదు మాస్టరు గారూ. మూడు నెలలైంది. మూడోది నాలుక మీద జారుతోంది, అందుకని చెప్పాను. ఈ ప్రయాణంలో నేను రాసిన వాసనలన్నీ మా అత్తయ్యవి."

మాస్టరు బార్ వెనక గోడ మీద అంటించిన ఒక కాగితం ముక్కను వేలితో చూపించాడు. పత్రికలోంచి కత్తిరించింది.

"అది చదివే మిమ్మల్ని పిలిచాను. కొత్త గొడుగు మొదటిసారి విప్పినప్పటి వాసన అని రాశారే, అది. ఇంత నిజం చెప్పే ముక్కు ఇంకోటి లేదనుకున్నాను. అది కూడా...?"

"అత్తయ్యదే."

"బావుంది! డ్రైవింగ్ రాకుండా బస్సు తోలుతున్నారన్నమాట!" గొంతు పెరిగింది. "మీరు ఎప్పుడొస్తారా అని రెండు వారాలు ఎదురుచూశాను. మా ఇంట్లో ఒక తగువు నడుస్తోంది. బయటి మనిషి, పని తెలిసిన మనిషి వచ్చి తేలుస్తారని కూర్చున్నాను. తీరా చూస్తే మీ ముక్కే అరువు ముక్కు!"

కోడలు తల దించుకుంది. చివరి బల్ల నుంచి వచ్చింది జవాబు.

"అరువిచ్చినదాన్ని నేను ఇక్కడే ఉన్నాను కదయ్యా," అంటూ అత్తగారు సంచీ తీసుకుని లేచి వచ్చింది. "దాని మీదెందుకు అరుస్తావు? అది అబద్ధాలేం రాయలేదు. నేను అన్నది అన్నట్టే రాసింది. నా కంటే బాగానే రాసింది. నీ తగువేమిటో చెప్పు."

మాస్టరు ఒక కుర్చీని బల్ల మీంచి దించి కూలబడ్డాడు. కోపం పోయేసరికి మనిషి కాస్త చిన్నవాడైనట్టు కనిపించాడు.

"తగువు మా ఆవిడతో. మేమిద్దరం కలిసే ఇది మొదలుపెట్టాం. పన్నెండేళ్లు. కాచడం నేను, బార్ చూసుకోవడం తను. మధ్య మధ్యలో ట్యాంకుల దగ్గరికి వచ్చేది. ఆరు వారాల కిందట వాళ్ల అక్క దగ్గరికి వెళ్లొచ్చి, నేను కాచిన బీరు చూసి, వెన్న వాసనొస్తోంది, పారబోయండి అంది. నాకేమీ రాలేదు. ఎంత పీల్చినా రాలేదు. నా బీరు నాకు తెలియదా అని మాటా మాటా పెరిగింది. 'నీ ముక్కు నీ దగ్గరే పెట్టుకో' అన్నాను. పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ గాజు తలుపు దాటి లోపలికి రాలేదు. పైన ఇల్లు, కింద బార్. అంతే."

"ఇప్పుడేమైంది?" అంది కోడలు.

"వచ్చేవాళ్లు సగం గ్లాసు వదిలేసి వెళ్తున్నారు. అడిగితే బావుందంటారు. ఇరవై ఏళ్ల నుంచి ఇదే పని చేస్తున్నాను. నాకు తెలియని వాసన నా గ్లాసులో ఉందంటే..." చేయి ముఖం మీద ఆడించుకున్నాడు. "మూడో గ్లాసు మా ఆవిడ పారబోయమన్న రకం. మీరు అదే చూపించారు. నాకు మాత్రం మూడూ ఒకటే."

అప్పటికే అత్తగారు చెంచా బయటికి తీసింది. మొదటి గ్లాసు మీద వంగి పీల్చింది, చెంచాతో రెండు చుక్కలు నోట్లో వేసుకుంది. "కాల్చిన రొట్టె అంచు. చివర్న నారింజ తొక్క. శుభ్రంగా ఉంది." రెండోదీ అదే అంది. మూడో దాని మీదకు వంగిందో లేదో వెనక్కి తగ్గింది.

"దీనికి ముక్కు దాకా ఎందుకయ్యా? వెన్న పూసిన బిస్కెట్ల డబ్బా మూత తీసినట్టుంది. తినేదైతే బాగానే ఉండును."

మాస్టరు కళ్లు మూసుకున్నాడు. భార్య చెప్పిన మాటే, భార్యను ఎన్నడూ చూడని మనిషి నోట్లోంచి వచ్చింది.

"లోపల ఆరు ట్యాంకులున్నాయి," అన్నాడు చివరికి. "అన్నీ చూస్తారా అమ్మగారూ?"

గాజు తలుపు అవతల నేలంతా తడి. అత్తగారు చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, కోడలి చేయి ఆసరాతో ట్యాంకు ట్యాంకుకూ నడిచింది. మాస్టరు ఒక్కో ట్యాంకు పక్కనున్న చిన్న కుళాయి తిప్పి గ్లాసులో రెండు వేళ్ల మందం పట్టి ఇచ్చాడు. ఒకటి బాగుంది. రెండు బాగుంది. మూడులో వెన్న. నాలుగు బాగుంది. ఐదులో వెన్న, అదీ ఎక్కువ. ఆరు దగ్గర ఆవిడ చెంచా కూడా ముంచలేదు. చేత్తోనే వద్దంది.

"నీళ్లలో తేడా ఉందా? గింజ మారిందా?" కోడలు అడిగింది.

"ఏదీ మారలేదు. అదే మొలకెత్తించిన బార్లీ మాల్ట్, చేదునిచ్చే అవే హాప్స్ పువ్వులు, పులియబెట్టే అదే ఈస్ట్. ఆరింటికీ ఒకటే కొలత."

కోడలికి వాసన లేకపోయినా కళ్లున్నాయి, పదేళ్లుగా మనుషుల్ని ప్రశ్నలడిగిన అలవాటూ ఉంది. ట్యాంకుల మీద అంటించిన కాగితపు పట్టీల మీద మాస్టరు చేతిరాతతో తేదీలున్నాయి. నింపిన రోజు ఒకటి, చల్లబెట్టిన రోజు ఒకటి. ఒకటో ట్యాంకు నుంచి ఆరో దాని దాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ చదివింది.

"మాస్టరు గారూ, బాగున్న మూడింటికీ నింపడానికీ చల్లబెట్టడానికీ మధ్య తొమ్మిది రోజులో పది రోజులో ఉన్నాయి. వెన్న వాసన వచ్చే మూడూ సరిగ్గా వారానికే చల్లబెట్టారు. ఎందుకని?"

"పుస్తకం లెక్క వారమే. పులియడం అయిపోతుంది కదా."

"మరి వీటికి ఎందుకు ఆగారు?"

మాస్టరు ఒకటో ట్యాంకు మూత వైపు చూశాడు. దాని పక్కన ఒక చిన్న ఎత్తుపీట ఉంది. అంత పొడుగు మనిషికి పీటతో పనిలేదు.

"తను వచ్చేది," అన్నాడు మెల్లగా. "పొద్దున్నే వచ్చి, ఆ పీటెక్కి, మూత దగ్గర వాసన చూసి, 'ఇంకో రోజు' అనేది. మర్నాడు వచ్చి మళ్లీ 'ఇంకో రోజు' అనేది. ఏదో ఒక రోజు 'ఇక చాలు' అనేది. అప్పుడు చల్లబెట్టేవాణ్ని. ఊరికే చాదస్తం అనుకున్నాను. తను పోట్లాడి మానేశాక, అబ్బ, వారంలో పని అయిపోతోంది అని సంతోషించాను కూడా."

"ఆ రెండు మూడు రోజుల్లో ఏమవుతుందయ్యా?" అత్తగారికి నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఈస్ట్ పని చేసేటప్పుడు కొంత చెత్త పోస్తుందమ్మగారూ. ఆ వెన్న వాసన అదే. పనయ్యాక వెచ్చగా వదిలేస్తే తన చెత్త తనే ఊడ్చుకుంటుంది. ముందే చల్లబెట్టేస్తే చీపురు మధ్యలో పడేసి నిద్రపోతుంది. ఇది నాకూ తెలుసు. ఊడ్చడం అయిందో లేదో వాసన చూసి చెప్పాలి. ఆ ఒక్క వాసన నా ముక్కుకు పట్టదు. పుట్టుకతోనే పట్టదేమో. పన్నెండేళ్లు తను నా ముక్కుగా ఉంది. ఆ సంగతి నాకూ తెలియదు, బహుశా తనకూ తెలియదు."

పంపు ఒకటి ఎక్కడో గరగరలాడి ఆగింది. కోడలు అత్తగారి చేయి వదల్లేదు.

"ఇప్పుడు మళ్లీ వెచ్చబెడితే బాగుపడతాయా?"

"పడొచ్చు. ఈస్ట్ ఇంకా లోపలే ఉంది. కానీ ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతారు?" మాస్టరు అత్తగారి వైపు తిరిగాడు. "అమ్మగారూ, ఒక్క నాలుగు రోజులు మీరు ఈ ఊళ్లో..."

"చాల్లే, నోరు మూసుకో," అంది అత్తగారు, కొడుకును గదమాయించినట్టే. "ఇంత ముక్కు ఇంట్లో పెట్టుకుని దారిన పోయేదాన్ని పట్టుకుంటావా? నాలుగు మెట్లెక్కి ఆవిణ్ణే అడుగు."

"ఎక్కనక్కర్లేదు," అని వినిపించింది వెనక నుంచి.

గాజు తలుపు దగ్గర మాస్టరు భార్య నిలబడి ఉంది. చేతిలో తాళాల గుత్తి. పబ్బు తెరవడానికి దిగినట్టుంది. ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. ఆరు వారాల్లో దాటని గడప ఇంకా దాటలేదు. చెప్పుల కొనలు సరిగ్గా గీత దగ్గర ఆగి ఉన్నాయి.

మాస్టరు ఆవిడ దగ్గరికి వెళ్లలేదు. ఒకటో ట్యాంకు పక్కనున్న ఎత్తుపీట తీసుకుని ఐదో ట్యాంకు ముందు పెట్టాడు. పైన దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఇంకో రోజు అనాలో, ఇక చాలు అనాలో, నువ్వే చెప్పు. నాకు తెలియదు. ఎప్పుడూ తెలియలేదు."

ఆవిడ పెదవి ఒక పక్కకు లాగినట్టయింది. గడప దాటింది. పీట ఎక్కలేదు, దాని మీద తాళాల గుత్తి పెట్టి, "ముందు వెచ్చబెట్టండి. తర్వాత చూద్దాం," అంది. అంతే అంది. మాస్టరు మీటల దగ్గరికి దాదాపు పరిగెత్తాడు.

అప్పుడు ఆవిడ కోడలి వైపు తిరిగింది. ముఖంలో మెత్తదనం అంతా భర్తకే ఖర్చయిపోయినట్టుంది.

"నిన్న సాయంత్రం మీ బల్లకు గ్లాసులు తెచ్చింది నేనే. ఈ పెద్దావిడ గాజులు సర్దుకున్నప్పుడల్లా మీరు పుస్తకంలో గీకారు. మా ఆయన అంత నమ్మకంగా పిలిచిన మనిషి మోసం చేస్తోందని నాకు ఒళ్లు మండింది. నిన్ననే మీ పత్రికకు ఫోన్ చేశాను. ఎడిటరు గారితోనే మాట్లాడాను. పన్నెండు గంటల రైలుకు దిగుతున్నారు."

అత్తగారి చెంచా చేతిలోంచి జారి తడి నేల మీద ఖంగుమంది. "అయ్యో తల్లీ, తప్పంతా నాదమ్మా. నేనే దాన్ని..."

"లేదు అత్తయ్యా." కోడలు వంగి చెంచా తీసి, చీర చెంగుతో తుడిచి ఆవిడ చేతిలో పెట్టింది. మూడు నెలలు మోసిన బరువును ఎవరో దించుతారంటే భయమేసింది గానీ, దిగిపోయాక ఆ భయమే లేదు. "ఫోన్ చేసి మంచి పని చేశారు. నేనే చేయాల్సింది. ఆయన వచ్చేసరికి ఈ వారం శీర్షిక రాసి చేతిలో పెడతాను. మీ ట్యాంకుల సంగతీ, నా సంగతీ, రెండూ ఉంటాయి. వేసుకుంటారో, నన్ను పంపేస్తారో ఆయన ఇష్టం."

మాస్టరు భార్య ఆ జవాబు ఊహించలేదు. ఒక కుర్చీ లాగి కోడలి వైపు నెట్టింది. అదే ఆవిడ క్షమాపణ కావచ్చు.

నలుగురూ బార్‌లోకి వచ్చారు. కోడలు మూడు గ్లాసుల ముందే కూర్చుని, పుస్తకం తెరిచి, మొదటి వాక్యం రాసింది: 'నెల రోజులుగా ఈ శీర్షికలో మీరు చదివిన ముక్కు నాది కాదు, మా అత్తగారిది.' చదువుకుంది. బాగుందనిపించింది. రెండో వాక్యం మొదలుపెట్టబోయి తలెత్తింది.

"ఏదో మాడుతోంది," అంది.

మాస్టరు గాజు గోడలోంచి బానల వైపు చూశాడు. మంట లేదు. భార్య మెట్ల వైపు చూసి, "పొద్దుటి నుంచి పొయ్యి వెలిగించనేలేదే" అంది. ఇక అందరి కళ్లూ అత్తగారి మీదకు వెళ్లాయి. ఆవిడ నాలుగు వైపులా తిరిగి, గాలి నిండా పీల్చి, తల అడ్డంగా ఊపింది.

"ఏమీ లేదమ్మాయ్."

"ఉంది అత్తయ్యా. ఇక్కడే. నా పక్కనే ఏదో కాలుతోంది."

అత్తగారు గబగబా దగ్గరికి వచ్చి కోడలి ముఖంలోకి చూసింది. మూడు నెలలుగా ఏ వాసనా తెలియని మనిషి. ఇప్పుడు ఎవరికీ రాని వాసన వస్తోందంటోంది. ఆవిడ బల్ల మీది మొదటి గ్లాసు, శుభ్రంగా ఉందని తానే చెప్పిన గ్లాసు, తీసి మెల్లగా కోడలి ముక్కు కింద పెట్టింది.

"ఇప్పుడు?"

కోడలు పీల్చింది. పెన్ను పుస్తకం మీంచి దొర్లి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"ఆ మాడు వాసన ఇంకా ఎక్కువైంది. ఈ గ్లాసులోంచే," అంది కోడలు.